ఒక ఖాళీకి ఒక కాన్పు

క్యాంటీన్ గోడ మీది వంతుల పట్టికలో పదిహేడో వరుస మీద ఎర్రగీత పడింది. పక్కనే చిన్న అక్షరాలతో "వాడుకున్నారు" అని రాసి ఉంది. పెద్దమ్మ చేతిలో టీ గ్లాసు ఉన్నది ఉన్నట్టే ఉండిపోయింది. కళ్ళజోడు పైకి తోసుకుని మళ్ళీ చదివింది. పదిహేడో వరుస పిట్టది. పదకొండు రోజుల కిందట కడుపులో బిడ్డని పోగొట్టుకుని, తొమ్మిదో రోజుకే పనిలోకి వెళ్ళిపోయిన పిల్ల. ఆ పిల్ల ఏం వాడుకుంది? ఎవరి సొత్తు వాడుకుంది? పెద్దమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. టీ గ్లాసు ఎవరి బల్ల మీద పెట్టిందో కూడా చూసుకోకుండా బయటికి నడిచింది.

ఆవిడ వెళ్ళేది వంతుల ఆఫీసుకి. అది నాలుగో వీధి చివర ఉంది, నడిచి వెళ్ళడానికి కాస్త టైము పడుతుంది. ఈలోగా ఈ వంతుల గోల ఏమిటో చెప్పేసుకోవచ్చు.

ఇది నీళ్ళ మీద పోయే ఓడ కాదు, చుక్కల మధ్య పోయే ఓడ. బయల్దేరి అరవై ఏళ్ళయింది, చేరడానికి ఇంకో తొంభై ఏళ్ళుంది. బయల్దేరినవాళ్ళలో మిగిలింది వేళ్ళ మీద లెక్కపెట్టేటంత మంది. చేరబోయేవాళ్ళు ఇంకా పుట్టనేలేదు. మధ్యలో ఉన్నవాళ్ళ పనల్లా ఓడని నడుపుతూ, పిల్లల్ని కని, పెంచి, వాళ్ళ చేతికి ఓడని అప్పజెప్పడమే. అయితే గాలి తయారుచేసే యంత్రాలు ఆరువందల మందికే సరిపోతాయి. అందుకని ఎవరైనా పోతేనే ఇంకొకరు పుట్టాలి. పోయినవాళ్ళ చోటుని ఖాళీ అంటారు. ఆ ఖాళీ మొదట పోయినవాళ్ళ ఇంటికే వస్తుంది. ఆ ఇంట్లో పిల్లల్ని కనేవాళ్ళు లేకపోతే గోడ మీది పట్టికలో ముందున్నవాళ్ళకి వెళ్తుంది. అదే వంతు. వంతు వచ్చేదాకా ప్రతి ఆడమనిషికీ మోచేతికి పైన, చర్మం కింద అగ్గిపుల్లంత మందుకడ్డీ ఉంటుంది. వంతు రాగానే పెద్దమ్మ దాన్ని తీసేస్తుంది.

ఆడవాళ్ళకి నలభై నిండితే వంతు లేదు. మగవాళ్ళ వయసు గురించి నిబంధనల పుస్తకంలో ఒక్క ముక్క లేదు. ఎందుకు లేదని పెద్దమ్మ ముప్పై ఏళ్ళుగా అడుగుతూనే ఉంది, గోడకి చెప్పుకున్నట్టే ఉంది. మందుకడ్డీ మగవాళ్ళకెందుకు పెట్టరని కూడా ఒకసారి మీటింగులో అడిగింది. ఆ రోజు అందరికీ ఒక్కసారే దగ్గొచ్చింది.

పెద్దమ్మ అంటే ఓడలో కాన్పులు చేసే మనిషి. నలభై ఏళ్ళుగా ఆ పనే. ముప్పై తొమ్మిదేళ్ళ లోపు వాళ్ళందరి బొడ్డూ కోసింది ఆవిడే. అందుకే ఎవరినైనా నువ్వు అని పిలిచే హక్కు తనకుందని ఆవిడ నమ్మకం, ఇంతవరకూ కాదన్నవాడు లేడు.

పిట్ట పంపుల సెక్షన్లో పనిచేస్తుంది. మనిషి పిడికెడు, మాట గంపెడు. అందుకే చిన్నప్పుడు ఎవరో పిట్ట అన్నారు, అదే ఖాయమైపోయింది. మొగుడు వెల్డరు. అతనికి రోజుకి పది మాటలు ఎక్కువ. ఆ పది కూడా పిట్ట ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మాట్లాడాలి. పద్నాలుగేళ్ళు ఎదురుచూస్తే వచ్చింది వాళ్ళ వంతు. అప్పటికి పిట్టకి ముప్పై తొమ్మిది దగ్గరపడుతోంది. కడ్డీ తీస్తున్నప్పుడు, "నొప్పెడుతోందా?" అని పెద్దమ్మ అడిగితే, "ఇంకో నాలుగు తియ్యి పెద్దమ్మా, ఏం ఫరవాలేదు" అని నవ్వింది.

ఏడో నెల నిండుతుండగా నొప్పులొచ్చాయి. డాక్టరు ఓడ తోకభాగంలో ఉన్నాడు. అక్కడ ఆవిరి గొట్టం పగిలి ఇద్దరికి ఒళ్ళు కాలింది, వాళ్ళని వదిలి రాలేడు. పురుటి గదిలో పెద్దమ్మ ఒక్కతే. పద్నాలుగు గంటలు. పిట్ట నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టింది, మొగుణ్ణి, పంపుల్ని, గాలి యంత్రాలు చిన్నవి కట్టినవాణ్ణి. పెద్దమ్మ కూడా పక్కనుంచి రెండు అందించింది. చివరికి ఆడపిల్ల పుట్టింది. వేళ్ళు, గోళ్ళు, కనుబొమలు, అన్నీ అమిరి ఉన్నాయి. ఊపిరి లేదు.

పెద్దమ్మ పక్కబల్ల వైపు తిరిగి, బిడ్డని పడుకోబెట్టి, చిన్న గాలిసంచీతో ఊదింది. రెండు వేళ్ళతో గుండె మీద నొక్కింది. ఇరవై నిమిషాలు. ఆ చిన్న రొమ్ము తనంతట తాను ఒక్కసారి కూడా లేవలేదు. అది మాత్రం ఖాయం. ఆవిడ కళ్ళు ఆ రొమ్ము మీంచి పక్కకి పోలేదు. వెనక నుంచి పిట్ట, "ఏంటి పెద్దమ్మా, ఏడవదేం?" అని అడుగుతూనే ఉంది. చివరికి పెద్దమ్మ బిడ్డని తుడిచి, మెత్తటి గుడ్డలో చుట్టి, ఇటు తిరిగి, "ఊపిరి లేదమ్మా" అని తల్లి చేతుల్లో పెట్టింది. పిట్ట ఆ తర్వాత మాట్లాడలేదు. వెల్డరు వచ్చి ఆమె పక్కన కూచున్నాడు. అలా ఇద్దరూ ఎంతసేపున్నారో ఆవిడ గడియారం చూడలేదు.

తర్వాత రిజిస్టరు రాయాలి. అందులో రెండే గళ్ళు. ఒకటి కాన్పు, రెండోది తొలగింపు. బిడ్డ బతికి బయటపడకపోతే తొలగింపు అని రాయాలి. ఆ మాట పెట్టినవాడెవడో గానీ, వాడికి పురుటి గది తలుపు లోపలికి తెరుచుకుంటుందో బయటికి తెరుచుకుంటుందో కూడా తెలిసి ఉండదు. ఓడలో పైపులో మట్టి అడ్డుపడితే తీసేసి రాసే మాట అది. రెండో నెలలో, మూడో నెలలో పోయిన కడుపులకి పెద్దమ్మ పళ్ళు నూరుకుంటూ ఆ మాటే రాసింది. కానీ ఏడో నెలలో పోవడం ఆవిడ చేతుల మీదుగా ఇదే మొదలు. పద్నాలుగు గంటల నొప్పులు, కనుబొమలున్న బిడ్డ. దీన్ని తొలగింపని రాయడానికి ఆవిడ చెయ్యి రాలేదు. కాన్పు అని రాసింది. ఆ మాట రాసినందుకు ఆ రోజు ఆవిడకి కాస్త మనసు నిమ్మళించింది కూడా.

ఇప్పుడు వంతుల ఆఫీసు తలుపు పైన పెద్ద అక్షరాలతో రాసి ఉన్న మాట ఆవిడకి కళ్ళలో పొడిచినట్టు కనపడింది. ఒక ఖాళీకి ఒక కాన్పు. నలభై ఏళ్ళుగా దాని కిందనుంచే పోతోంది, ఏనాడూ తలెత్తి చదవలేదు.

వంతుల గుమాస్తాని ఓడంతా రూళ్ళకర్ర అంటుంది. పొడుగ్గా, సన్నగా, ఎక్కడా వంపు లేకుండా ఉంటాడు. గీత గీసుకోకుండా తన పేరు కూడా రాసుకోడు. పెద్దమ్మని చూడగానే లేచి నిలబడ్డాడు, అతని బొడ్డు కోసింది కూడా ఆవిడే మరి.

"ఏవయ్యా, పదిహేడో వరుస కొట్టేసింది నువ్వేనా?"

"నేను కొట్టెయ్యడమేంటి పెద్దమ్మా. మీ రిజిస్టరే కొట్టేసింది. కాన్పు అయిందని మీరే రాశారు. కాన్పయితే వంతు వాడుకున్నట్టే."

"బిడ్డ ఏదయ్యా?"

"బిడ్డ గురించి నిబంధనలో లేదండి. కాన్పు గురించే ఉంది."

పెద్దమ్మ కుర్చీ లాక్కుని కూచుంది. నిలబడి ఉంటే చెయ్యి చేసుకుంటానేమోనని భయమేసింది ఆవిడకి.

"నీకు విడమరిచి చెప్తున్నాను విను. పద్నాలుగేళ్ళు ఆగింది ఆ పిల్ల. పద్నాలుగు గంటలు నొప్పులు పడింది. చేతిలో ఏమీ లేకుండా ఇంటికెళ్ళింది. నువ్వు గోడ మీద, నలుగురూ తినే చోట, వాడుకున్నారు అని రాశావు. నీకు చేతులెలా వచ్చాయి?"

రూళ్ళకర్ర మొహం మాడింది. నిజానికి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బాగుండేది, నాలుగు తిట్టి వచ్చేసేది. అతను సొరుగు తీసి ఒక కాగితం బయటపెట్టాడు. ముందే రాసి పెట్టుకున్నాడు.

"నేనూ ఆలోచించానండి. దీనికి దారుంది. మీరు కాన్పు కొట్టేసి తొలగింపని దిద్దండి. కింద తల్లి సంతకం పెట్టాలి. అంతే. మర్నాడే ఎర్రగీత చెరిపేస్తాను. కానీ నాలుగు రోజుల్లో తేలాలి. ఐదో రోజు బోర్డు కూచుంటుంది, పట్టికకి ముద్ర పడిపోతుంది. ముద్ర పడితే మళ్ళీ ఏడాదికి గానీ తియ్యరు. అప్పటికి ఆవిడకి నలభై నిండిపోతుంది."

పెద్దమ్మ కాగితం చదివింది. "నా గర్భంలో నుండి తొలగించినది శిశువు కాదని, నాకు కాన్పు జరగలేదని ఇందుమూలముగా ఒప్పుకుంటున్నాను."

"ఇది ఎవరు రాశారు?"

"పాతదేనండి. పుస్తకంలో ఉన్నదే."

"మీ అమ్మకి చూపించావా?" అని అడిగింది పెద్దమ్మ. ఆవిడ కాగితం మడిచి జేబులో పెట్టుకుంది.

దారి పొడుగునా తనని తానే తిట్టుకుంది. వెధవ రాత, వెధవ మాట. మర్యాద అనుకుని రాసింది, మెడకి చుట్టుకుంది. ఆ రోజు పళ్ళు నూరుకుని తొలగింపు అని రాసి ఉంటే పిట్ట వంతు పిట్టకే ఉండేది.

పంపుల సెక్షన్లో ఎప్పుడూ చెవులు గింగురుమంటూ ఉంటాయి. పెద్ద పంపులు ఆరు, చిన్నవి పద్దెనిమిది. నేలంతా తడి. పిట్ట ఒక గొట్టం మూత విప్పి, మోచేతిదాకా లోపల పెట్టి, నల్లటి మట్టి బయటికి లాగుతోంది. వెల్డరు పక్కన దీపం పట్టుకుని ఉన్నాడు. అతనికి అక్కడేం పని లేదు. ఆ తొమ్మిదో రోజు నుంచి తన పని అయిపోగానే వచ్చి ఇక్కడే నిలబడుతున్నాడు.

పెద్దమ్మ సంగతంతా చెప్పింది. అరిచి చెప్పాల్సి వచ్చింది. మధ్యలో పిట్ట ఒక పంపు ఆపేసింది, అప్పుడు కాస్త మామూలుగా చెప్పింది. కాగితం చేతికిచ్చింది.

పిట్ట చేతులు తుడుచుకుని చదివింది. చదివి వెల్డరుకి ఇచ్చింది. అతను చదివి, "నువ్వెలా అంటే అలా" అన్నాడు.

"పెట్టను" అంది పిట్ట.

"ఏంటే పెట్టనంటావు? ఒక్క గీకుడు. ఆ రూళ్ళకర్ర మొహాన కొట్టి వంతు తెచ్చుకో."

"పెట్టను పెద్దమ్మా."

"నీకు గానీ పిచ్చి పట్టిందా? వయసు గుర్తుందా నీకు? ఎనిమిది నెలలుంది నలభైకి. ఇప్పుడు పంతాలకి పోతే ఇక జన్మలో కడుపు పండదు, తెలుస్తోందా? ఎవడో రాసిన చెత్త ముక్క అది, దాని మీద సంతకం పెడితే నీ ఒంటికేమైనా అంటుకుంటుందా?"

పిట్ట పక్కనే మేకుకి తగిలించిన అట్టల పుస్తకం తీసి పెద్దమ్మ ముందు తెరిచింది. తడికి ముడుచుకుపోయిన కాగితాలు. ప్రతి వరుసలోనూ అదే చేతిరాత. మూడో నంబరు పంపు, తొలగింపు. తొమ్మిదో నంబరు, తొలగింపు. పదకొండు, తొలగింపు.

"ఇది నా పని పెద్దమ్మా. రోజుకి పది రాస్తాను. రాసి సంతకం పెడతాను. నీకు నేనేం చెప్పను?" పిట్ట గొంతు చాలా మామూలుగా ఉంది. "ఆ రోజు నువ్వు పుస్తకం తెచ్చి చూపించావు కదా, కాన్పు అని రాశానే, చూడు అని. నేను ఆ మాట పట్టుకునే ఇంటికెళ్ళాను. ఇంటికెళ్ళాక పాలొచ్చాయి. ఏం చెయ్యాలో తెలీక కూచున్నాను. అప్పుడు కూడా అదే అనుకున్నాను, నాకు కాన్పయింది, పాలు రావా మరి అని. ఇప్పుడు అది కూడా లేదని రాసివ్వమంటే ఎలా?"

వెల్డరు దీపాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "ఇంకో బిడ్డ కావాలి. అలాగని మొదటిదాన్ని కాదనలేం" అన్నాడు. అవి ఆ రోజుకి అతని మాటలన్నీ.

పెద్దమ్మకి పిట్ట మీద వచ్చిన కోపమంతా ఎటు పోయిందో తెలీదు. వెల్డరు చేతిలో కాగితం లాక్కుని నిలువునా చింపి ఆ నల్లమట్టి బకెట్లో పడేసింది. "బోర్డుకి రండి ఇద్దరూ. తాడో పేడో అక్కడే తేల్చుకుందాం" అంది.

నాలుగు రోజులూ నిబంధనల పుస్తకం ముందేసుకుని కూచుంది. ఆవిడ ఎప్పుడూ అంత చదవలేదు. చదివినకొద్దీ ఒళ్ళు మండింది. గాలి యంత్రాల గురించి నలభై పేజీలుంది, కడుపుతో ఉన్నవాళ్ళ గురించి పేజీన్నర. మూడో రోజుకి ఒక చోట ఆగి, మళ్ళీ చదివి, వేలు అక్కడే పెట్టి, తనలో తాను నవ్వుకుంది. రూళ్ళకర్రా, దొరికావయ్యా అనుకుంది.

బోర్డు బడి గదిలో కూచుంటుంది. బెంచీలు పిల్లలవి. పెద్దవాళ్ళు కూచుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. బల్ల వెనక ముగ్గురు. మధ్యలో అధ్యక్షురాలు టీచరమ్మ, ఓడలో సగం మందికి అక్షరాలు దిద్దించిన మనిషి. ఒకవైపు డాక్టరు, ఇంకోవైపు రూళ్ళకర్ర. ముప్పై మంది దాకా వచ్చారు. పిట్ట, వెల్డరు చివరి బెంచీలో కూచున్నారు.

"తల్లి సంతకం పెట్టనంటోందట కదా" అంది టీచరమ్మ. "అలాగైతే మా చేతుల్లో ఏముందమ్మా? రాత ఎలా ఉందో అలాగే పోవాలి."

"రాత ఎలా ఉందో అలాగే పోదాం టీచరమ్మా. నేనూ అదే అంటున్నాను." పెద్దమ్మ లేచి నిలబడింది. "ఏవయ్యా గుమాస్తా, ఈ రోజు ఓడలో ఎంతమందిమి ఉన్నాం?"

"ఆరువందలండి."

"నిండుగా?"

"నిండుగానండి."

"తలకాయలు లెక్కపెట్టావా?"

రూళ్ళకర్ర తన లెక్కల కాగితం వైపు చూశాడు.

"నేను లెక్కపెట్టాను. పొద్దున క్యాంటీన్ దగ్గర మొదలుపెట్టి తోకభాగం దాకా వెళ్ళొచ్చాను, కాళ్ళు పడిపోయాయి. ఐదువందల తొంభై తొమ్మిది. ఒకళ్ళు తగ్గారు. మరి ఆ ఆరువందలో మనిషి ఎక్కడున్నట్టు? కాన్పయింది, బిడ్డ పుట్టింది, వంతు అయిపోయింది అంటున్నావు కదా. ఆ బిడ్డని చూపించు. పాలు ఎక్కడ పోయిస్తున్నావు? ఏ వీధిలో పడుకోబెట్టావు? ఇంకో ఐదేళ్ళకి ఇదిగో ఈ బెంచీ మీద కూచోవాలి కదా, టీచరమ్మ పేరు పిలిస్తే పలకాలి కదా, ఎవరు పలుకుతారు?"

ముందు బెంచీల్లో ఎవరో నవ్వారు. నవ్వినవాళ్ళే మళ్ళీ తలొంచుకున్నారు.

"పుట్టినట్టు రాసుకుని, పోయినట్టు ఎందుకు రాసుకోలేదు?" పెద్దమ్మ పుస్తకం తెరిచి వేలు పెట్టింది. "పోయినవాళ్ళ ఖాళీ మొదట వాళ్ళ ఇంటికే. ఇది మీ పుస్తకంలో మాటే. ఆ బిడ్డ పోయింది. దాని ఇల్లు పిట్ట ఇల్లు. ఆ ఖాళీ పిట్టకి ఇచ్చెయ్యండి. నా రాత దిద్దక్కర్లేదు, దాని సంతకం అక్కర్లేదు."

గదిలో చిన్న కలకలం. టీచరమ్మ మొహం విప్పారింది. తెలివైన పిల్ల మంచి జవాబు చెప్పినప్పుడు ఎలా చూసేదో అలా చూసింది. కానీ రూళ్ళకర్ర అప్పటికే పుస్తకంలో ఇంకో పేజీకి పోయాడు.

"మరణం అంటే ఏంటో ఇక్కడుందండి. 'ఊపిరి తీసి, తీయడం మానిన వ్యక్తిని మరణించినట్టు నమోదు చేయాలి.' ఊపిరి తియ్యనివాళ్ళని మరణాల్లో రాయడానికి లేదండి."

"అంటే? పుట్టడానికి ఊపిరి అక్కర్లేదు, పోవడానికి కావాలా?"

పెద్దమ్మ చేతిలో పుస్తకం బల్ల మీద పడేసింది.

"మనుషులేనా మీరు? వంతు లాక్కునేటప్పుడు అది బిడ్డ. ఇచ్చెయ్యమంటే బిడ్డ కాదు. కావలసినప్పుడు ఒకటి, అక్కర్లేనప్పుడు ఇంకోటి. నిబంధన తప్పయితే దిద్దండి. దానికి మాత్రం ఎవరి చెయ్యీ లేవదేం?"

"దిద్దాలంటే ఓడంతా ఓటెయ్యాలి పెద్దమ్మా" అంది టీచరమ్మ, బతిమాలుతున్నట్టు. "ఓటింగు వచ్చే ఏడు."

"వచ్చే ఏటికి దానికి నలభై నిండుతాయి."

"తెలుసు."

అప్పటిదాకా మాట్లాడని డాక్టరు ముందుకి వంగాడు. కుర్రవాడు, మంచివాడు. ఆ రోజు తను పురుటి గదిలో లేనందుకు లోపల లోపల కుమిలిపోతున్నాడని అందరికీ తెలుసు.

"పెద్దమ్మగారూ, ఆ గదిలో ఉన్నది మీరొక్కరే. మీ మాటే సాక్ష్యం. తొందరేం లేదు, బాగా గుర్తుచేసుకుని చెప్పండి. ఒక్కటంటే ఒక్క ఊపిరైనా తీసిందా?"

అంటూ ఆవిడ కళ్ళలోకే చూశాడు. టీచరమ్మ పెన్ను కింద పెట్టింది. రూళ్ళకర్ర కూడా తలెత్తి చూశాడు, అతని మొహంలో కూడా అదే ఆశ. పెద్దమ్మకి అప్పుడు అర్థమైంది. వీళ్ళు ముగ్గురూ దయగలవాళ్ళే. ముగ్గురికీ నిజం తెలుసు. పుస్తకంలో ఒక్క మాట దిద్దడానికి ముగ్గురికీ చేతులు రావు గానీ, ఆవిడ నోటితో ఒక అబద్ధం ఆడించడానికి మాత్రం ముగ్గురూ తయారు. నలభై ఏళ్ళలో ఆవిడ రిజిస్టరులో ఒక్క తప్పుడు అక్షరం లేదు. అందుకే ఇప్పుడు ఆ అబద్ధానికి అంత విలువ.

తూ, మీ బతుకులు చెడ, అనుకుంది. చివరి బెంచీ వైపు చూడలేదు.

"తీసింది" అంది. "ఒక్కటి."

ఎక్కడో బెంచీ కిర్రుమంది. డాక్టరు కళ్ళు మూసుకుని తెరిచాడు. టీచరమ్మ, "రాసెయ్యి నాయనా" అంది. రూళ్ళకర్ర మరణాల పుస్తకం తెచ్చి, గీత గీసి, గుండ్రటి అక్షరాలతో రాశాడు. ఆడపిల్ల, పంపుల సెక్షన్ పిట్ట, వెల్డరుల కూతురు, వయసు ఒక్క ఊపిరి. అలా రాయాలని పుస్తకంలో లేదు, అతనే రాశాడు. తర్వాత వంతు కాగితం మీద ముద్ర కొట్టి ఇచ్చాడు. జనం లేచి పెద్దమ్మ చుట్టూ మూగారు. ఎవరో భుజం తట్టారు, ఎవరో చేతులు పట్టుకున్నారు. ఒక ముసలాయన, "వాళ్ళకి బాగా గడ్డి పెట్టావమ్మా" అన్నాడు. ఆవిడకి కూడా ఆ రెండు నిమిషాలూ గెలిచినట్టే ఉంది.

బయట వీధిలో పిట్ట గోడకి ఆనుకుని నిలబడి ఉంది. వెల్డరు కాస్త దూరంలో ఉన్నాడు. పెద్దమ్మ కాగితం తీసి పిట్ట చేతిలో పెట్టింది.

"తీసుకో. ఇక ఎవడూ నోరెత్తడు."

పిట్ట కాగితం వైపు చూడలేదు.

"ఎంతసేపు పెద్దమ్మా?"

"ఏంటే?"

"ఊపిరి. తీసి ఎంతసేపుంది? కళ్ళు తెరిచిందా?"

ఇది పెద్దమ్మ ఆలోచించనే లేదు. నాలుగు రోజులు పుస్తకం తిరగేసింది, ముప్పై మంది ముందు ముగ్గురిని దులిపేసింది, ఈ ఒక్క మనిషి ఆ మాట వింటుందని మాత్రం ఆలోచించలేదు. పిట్ట రెండు భుజాలూ పట్టుకుని, వీధిలో ఎవరైనా వింటారేమోనని గొంతు తగ్గించి చెప్పింది.

"లేదే తల్లీ. తియ్యలేదు. అది అబద్ధం. నీ వంతు కోసం ఆడాను. నాకు తెలుసు, ఆ డాక్టరుకీ తెలుసు, అందరికీ తెలుసు. ఒట్టు. ఒక్కటి కూడా తియ్యలేదు."

"ఆ రోజు నాతో లేదన్నావు" అంది పిట్ట. "ఇవాళ వాళ్ళతో ఉందన్నావు. ఇప్పుడు మళ్ళీ లేదంటున్నావు."

"నీకు అబద్ధం ఎందుకు చెప్తానే?"

"నేను బాధపడతానని." పిట్ట గొంతులో కోపం లేదు. "నువ్వు అటు తిరిగి ఉన్నావు. నాకు నీ వీపే కనపడింది. ఏడవదేం, ఏడవదేం అని అడుగుతున్నా నువ్వు పలకలేదు. ఊపిరున్నప్పుడు నా చేతికిచ్చి ఉంటే..." అని ఆగిపోయింది.

పెద్దమ్మ ఇంకో ఒట్టు పెట్టింది. తన కళ్ళ మీద పెట్టింది, తన చేతుల మీద పెట్టింది. పిట్ట అన్నిటికీ తలూపింది. నమ్మినట్టే తలూపింది. నమ్మిందో లేదో ఆవిడకి తెలీదు. ఎప్పటికీ తెలీదని మాత్రం అప్పుడే తెలిసిపోయింది. వెనక్కి వెళ్ళి, ఆ బల్ల తిరగేసి, ఆ ముగ్గురి చొక్కాలూ పట్టుకుని ఊపెయ్యాలనిపించింది. చూడండి, మీ పుస్తకం చెక్కుచెదరలేదు, ఈ తల్లి దగ్గర నా మాట పోయింది, సరిపోయిందా అని అడగాలనిపించింది. అడిగితే పిట్ట చేతిలో కాగితం పోతుంది. అందుకని పళ్ళ బిగువున నిలబడింది.

"వచ్చే నెల పరీక్షకి రావే" అంది చివరికి.

"వస్తాను" అంది పిట్ట. కాగితం మడిచి జేబులో పెట్టుకుంది. రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరిగి చూడకుండానే అడిగింది.

"ఈసారి గదిలో డాక్టరు కూడా ఉంటాడు కదా పెద్దమ్మా?"

నలభై ఏళ్ళలో ఆవిడని ఆ మాట అడిగిన తల్లి లేదు.

"ఉంటాడమ్మా" అంది పెద్దమ్మ. "నేనే చెప్తాను."